కొత్త ఏడాదిలో బట్టల లక్ష్యాలు: ముందు నాలుగు వారాల లెక్క రాయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ప్రతి జనవరిలో "ఈ ఏడాది స్టైల్ మార్చుకోవాలి, రంగులు వేసుకోవాలి, అనవసరంగా కొనకూడదు" అని ఒక జాబితా రాసుకుంటున్నారు. ఫిబ్రవరి వచ్చేసరికి ఆ కాగితం ఎక్కడుందో కూడా గుర్తుండటం లేదు. బీరువా తలుపు మూతపడనన్ని బట్టలున్నా పొద్దున్నే వేసుకోవడానికి ఒక్కటీ లేనట్టే ఉంటోంది. రెండేళ్లలో ఉద్యోగం మారింది, ఇప్పుడు ఇంటి నుంచి పనిచేసే రోజులే ఎక్కువ; ఒళ్లూ కొంత మారింది. ఉన్నవన్నీ తీసేసి మొదటి నుంచి కొనుక్కుంటే నయమా, అసలు ఎన్ని లక్ష్యాలు పెట్టుకోవాలి అని అడిగారు.

నేరుగా చెప్తాను. అన్నీ తీసేయకండి. జనవరిలో కొత్తవి కొనకండి కూడా. నాలుగు వారాలు రోజూ ఏం వేసుకున్నారో రాయండి. ఆ తర్వాత ఆ లెక్క ముందు పెట్టుకుని రెండు, మహా అయితే మూడు లక్ష్యాలు రాసుకోండి. అవి కూడా ఎలా కనబడాలన్నదాని మీద వద్దు. ఏ రోజు, ఏ పని చేస్తారన్నదాని మీద ఉండాలి.

నేను 18 ఏళ్లుగా బట్టలు ఆల్టర్ చేసే పనిలో ఉన్నాను. గత ఎనిమిదేళ్లుగా ఇళ్లకు వెళ్లి బీరువాలు సర్దిపెట్టడం, ఉన్న బట్టలతోనే జతలు కట్టి చూపించడం కూడా చేస్తున్నాను. ఏటా డిసెంబరు చివర్లోనూ జనవరిలోనూ నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది మీలాంటి జాబితానే పట్టుకొస్తారు. ఆ జాబితాల్లో ఒక పోలిక కనబడుతుంది. సగం విశేషణాలు: హుందాగా, స్టైలిష్‌గా, సింపుల్‌గా. మిగతా సగం కొనాల్సిన వస్తువులు. ఇప్పుడు బీరువాలో ఉన్న బట్టల గురించి ఒక్క ముక్క కూడా ఉండదు.

విశేషణాన్ని రోజూ పాటించడం కష్టం. "హుందాగా కనబడాలి" అన్నది పొద్దున ఏడున్నరకి, తడి జుట్టుతో బీరువా ముందు నిలబడ్డప్పుడు ఏ చొక్కా తీయాలో చెప్పదు. కొనాల్సిన వస్తువుల జాబితాకి ఇంకో చిక్కు ఉంది. కొన్న రోజే అది పూర్తయిపోతుంది. లక్ష్యం నెరవేరినట్టు అనిపిస్తుంది, అలవాటు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

దీన్ని ఆరంభశూరత్వం అని తేలిగ్గా తీసేయకండి. ఆ ఉత్సాహం నిజమైనదే. హెంగ్‌చెన్ డై, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే పరిశోధకులు 2014లో ఈ విషయం మీద ఒక పరిశోధన ప్రచురించారు. వారం మొదట్లో, నెల మొదట్లో, ఏడాది మొదట్లో జనం జిమ్‌కి వెళ్లడం పెరుగుతుందని వాళ్లు చూపించారు. కొత్త ఏడాది అనే గీత దాటగానే పాత తప్పులు ఆ గీతకి అవతల ఉండిపోయినట్టు అనిపిస్తుంది. ఆ ఊపుని కొనడంలో ఖర్చు పెట్టేస్తే రెండు వారాల్లో అయిపోతుంది. రాయడంలో పెడితే మిగతా ఏడాదికి పనికొచ్చే సమాచారం చేతికొస్తుంది. అందుకే జనవరిని లెక్కకి కేటాయించమంటున్నాను.

లెక్క ఎలా రాయాలి? ఫోన్లో యాప్‌లు ఉన్నాయి, ఫొటోలు తీసి పెట్టుకోవచ్చు. నా అనుభవంలో మాత్రం బీరువా తలుపు లోపలి వైపు అంటించిన కాగితమే నాలుగు వారాలు నిలబడుతుంది. తేదీ, వేసుకున్నవి, వేసుకుని విప్పేసినవి, ఎందుకు విప్పేశారు. అంతే. చివరి రెండు గడులే అసలైనవి. వేసుకున్నవాటి సంగతి మీకు ఎలాగూ కొంత తెలుసు. అద్దం ముందు నిలబడి, తల అడ్డంగా ఊపి, మంచం మీద పడేసిన బట్ట గురించి ఎవరూ గుర్తుపెట్టుకోరు. కారణం మీ మాటల్లోనే రాయండి: "కూర్చుంటే నడుము నొక్కుతోంది", "చెయ్యెత్తితే పొట్ట కనబడుతోంది", "దీని మీదకి సరిపోయే ప్యాంటు ఉతుకులో ఉంది". "బాగోలేదు" అని రాస్తే దానితో చేసేదేమీ లేదు. రోజూ రాయడం కుదరకపోతే ఉతికే రోజు మాసిన బట్టల బుట్టలో ఉన్నవి లెక్కపెట్టి రాసినా సగం పని అవుతుంది.

హ్యాంగర్లన్నీ వెనక్కి తిప్పి తగిలించి, వేసుకున్న బట్టల హ్యాంగర్ మాత్రం ముందుకి తిప్పే పద్ధతి మీరు వినే ఉంటారు. మంచిదే. కానీ మడతపెట్టిన బట్టల గురించి అది ఏమీ చెప్పదు, ఎందుకు వేసుకోలేదో అసలే చెప్పదు. నాకు కావలసింది ఆ ఎందుకే.

ఒక కేసు చెప్తాను. ఒక లెక్చరర్ గారి బీరువాలో కోటులా పైన వేసుకునే ముదురు నీలం జాకెట్ ఉంది. బట్ట మంచిది, భుజాలు కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. రెండేళ్లుగా వేసుకోలేదు. ఎందుకని అడిగితే "అది నాకు నప్పదండీ" అన్నారు. నా ముందే ఒకసారి వేసుకోమన్నాను. ఎడమ చెయ్యి దూర్చారు, మణికట్టు దగ్గర ఆగిపోయింది. లాగి, మెలితిప్పి, చివరికి బయటికి తెచ్చారు. జాకెట్ తిరగేసి చూస్తే చేతి లోపలి లైనింగ్ రెండంగుళాల మేర కుట్టు విడిపోయి చిన్న సంచిలా వేలాడుతోంది. వేసుకున్న ప్రతిసారీ వేళ్లు, వాచీ వెళ్లి అందులోనే ఇరుక్కుంటున్నాయి. పొద్దుటి హడావుడిలో రెండుసార్లు అలా జరిగితే మూడోసారి చెయ్యి ఆ హ్యాంగర్ వైపు వెళ్లదు. కొన్నాళ్లకి కారణం మర్చిపోతాం, "నప్పదు" అన్న మాట మిగులుతుంది. ఆ కుట్టు వేయడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఏడాది ఆవిడ జాబితాలో మొదటిది "రెండు మంచి జాకెట్లు కొనాలి". ఆ చలికాలమంతా ఈ ఒక్కదాన్నే వారానికి రెండు మూడుసార్లు వేసుకున్నారు, కొత్తది ఒక్కటీ కొనలేదు.

అందుకే "నప్పదు" అన్న మాటని నేను వెంటనే నమ్మను. దాని వెనక ఒక ఊడిన గుండీయో, ఒరుసుకునే లేబులో, సరిగా పడని జిప్పో ఉండే అవకాశం చాలా ఎక్కువ.

నాలుగు వారాలయ్యాక కాగితం చదివితే వేసుకోని బట్టలు వాటంతటవే గుంపులుగా విడిపోతాయి. కొన్ని బాగుచేయాల్సినవి. కొన్నిటికి జత లేదు: మంచి చొక్కానే, దాని కింద వేసుకునేది బీరువాలో లేదు. కొన్ని ఇప్పుడు లేని జీవితానికి చెందినవి. మీ ప్రశ్న చూస్తే మీ దగ్గర ఈ మూడో గుంపు పెద్దదే ఉండాలి, ఎందుకంటే ఉద్యోగం మారిందన్నారు. రోజూ ఆఫీసుకి వెళ్లినప్పటి బట్టలు ఎన్ని ఉన్నా ఇంటి నుంచి పనిచేసే రోజుకి ఉపయోగపడవు. వాటిని చూసి "నేను సరిగ్గా తయారవ్వడం లేదు" అనుకోవడం అన్యాయం. ఆ బట్టలు కొన్నప్పుడు మీకు వారంలో ఐదు రోజుల ఆఫీసు ఉంది, అంతే.

ఇక నాలుగో గుంపు, ఒంటికి సరిపోనివి. నా పని ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడే జనం తప్పు బట్టల్ని దాచుకుని బాగయ్యేవాటిని పారేస్తారు.

భుజం సరిపోతే మిగతాది చాలావరకు సరిచేయొచ్చు. చొక్కా గానీ జాకెట్ గానీ భుజం కుట్టు మీ భుజం ఎముక అంచు దగ్గర ఆగాలి. అది కిందకి జారినా, మెడ వైపుకి లాగినా సరిచేయాలంటే చెయ్యి మొత్తం విప్పి మళ్లీ ఎక్కించాలి. జాకెట్ అయితే లోపలి ప్యాడ్, లైనింగ్ కూడా కదులుతాయి. నేను చేస్తాను, కానీ చాలాసార్లు వద్దనే చెప్తాను. నడుము దగ్గర లూజు, చేతుల పొడవు, ప్యాంటు పొడవు తేలిక. టైటుగా ఉన్నదాన్ని వదులు చేయడం మాత్రం లోపల వదిలిన మార్జిన్ మీద ఆధారపడుతుంది. బట్టని తిరగేసి కుట్టు పక్కన చూడండి. అర అంగుళం, ముప్పావు అంగుళం బట్ట ఉంటే ఆశ ఉంది. అంచు కత్తిరించి ఓవర్‌లాక్ చేసేసి (పోగులు ఊడకుండా అంచు చుట్టూ దారం కుట్టేసి) ఉంటే లేదు. కుట్టు విప్పితే పాత గీత కనబడే బట్టలు కూడా ఉంటాయి; ముదురు రంగు వెలిసిన జీన్స్ అందులో మొదటిది.

బట్ట సరిపోతోందో లేదో నిలబడి అద్దంలో చూస్తే తెలియదు. కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చోండి. రెండు చేతులూ పైకెత్తండి. వంగి చెప్పుల పట్టీ పెట్టుకున్నట్టు చేయండి. మీరు రోజులో ఎక్కువసేపు ఎలా ఉంటారో ఆ భంగిమలో సుఖంగా లేని బట్ట మీ నాలుగు వారాల కాగితంలో విప్పేసిన గడిలోనే తేలుతుంది.

ఒళ్లు మారిందన్నారు కదా. "సన్నబడ్డాక వేసుకుంటాను" అని దాచిన బట్టల గురించి నా అభిప్రాయం చాలామంది సలహాదారుల కంటే వేరు. అవి వెంటనే తీసేయాలని చెప్పేవాళ్లున్నారు. నేను చెప్పను. ఒళ్లు మళ్లీ మారవచ్చు, మారకపోవచ్చు. కానీ అవి రోజూ కంటికి కనబడకూడదు. పొద్దున్నే తలుపు తీయగానే వరసగా నాలుగు బట్టలు "నువ్వు మాలో పట్టవు" అన్నట్టు వేలాడుతుంటే మిగతా బట్టలు తీసే మనసు కూడా ఉండదు. ఒక పెట్టెలో పెట్టి, పైన తేదీ రాసి, మంచం కిందో అటక మీదో పెట్టండి. ఏడాది తర్వాత చూద్దాం. ఇప్పటి ఒంటికి సరిపోయే రెండు ప్యాంట్లు మాత్రం వెంటనే సరిచేయించుకోండి లేదా కొనుక్కోండి. జనవరిలో కొనవద్దన్న నా మాటకి ఇదొక్కటే మినహాయింపు. రోజంతా నడుము నొక్కే బట్టలో గడపడం ఏ లక్ష్యానికీ మంచిది కాదు.

ఇప్పుడు లక్ష్యాలు రాయడం. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసం ఒకటి ఈ విషయంలో బాగా ప్రసిద్ధం. "ఫలానా పరిస్థితి వస్తే ఫలానా పని చేస్తాను" అని ముందే ముడిపెట్టుకున్న నిర్ణయం, ఉత్త కోరిక కంటే ఎక్కువగా అమలవుతుందన్నది దాని సారం. బట్టలకి ఇది అచ్చంగా సరిపోతుంది. మీ జాబితాలోదే తీసుకుందాం. "రంగులు వేసుకోవాలి" అన్నదాన్ని ఇలా మార్చండి: "మంగళవారం రాత్రి పడుకునే ముందు నలుపూ బూడిదా కాని చొక్కా ఒకటి బయట తగిలిస్తాను, బుధవారం అదే వేసుకుంటాను." వారానికి ఒక్క రోజే. ఏడాదికి 52 సార్లు. మొదటి నెల కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, నలుగురూ మన వైపే చూస్తున్నట్టు అనిపిస్తుంది. నా దగ్గరకు వచ్చిన ఒకాయన ఎప్పుడూ నలుపు బట్టలే వేసుకునేవారు. ముదురు ఆకుపచ్చతో మొదలుపెట్టించాను, అదీ నలుపు స్వెటర్ లోపల కాలర్ మాత్రమే కనబడేలా. వేసవి వచ్చేసరికి స్వెటర్ తీసేయాల్సి వచ్చింది, చొక్కా అలాగే నిలిచింది. ఒకేసారి ఎరుపు కొనిపించి ఉంటే అది ఇవాళ్టికీ లేబుల్‌తోనే ఉండేది.

"తక్కువ కొనాలి" అన్నదానికి అంకె కావాలి. ఎంత అన్నది మీ ఇష్టం. ఒక ఆధారం కావాలంటే, హాట్ ఆర్ కూల్ అనే బెర్లిన్ సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ఏడాదికి సగటున 5 కొత్త బట్టలకి పరిమితం కావాలని సూచించింది. అది వాతావరణం మీద ఫ్యాషన్ భారాన్ని లెక్కవేసి చెప్పిన మాట. మీరు గత ఏడాది 40 కొని ఉంటే 5 అని రాసుకుని మార్చిలో చేతులెత్తేయడం కంటే 15 అని రాసుకుని నిలబడటం మేలు. ముందు గత ఏడాది ఎన్ని కొన్నారో ఆర్డర్లు, బిల్లులు చూసి లెక్కపెట్టండి. ఆ అంకె చూసి చాలామంది కాసేపు మాట్లాడరు.

బట్టల సంఖ్యనే తగ్గించుకునే పద్ధతులు కూడా ఉన్నాయి. 1970ల్లో లండన్‌లో బట్టల దుకాణం నడిపిన సూసీ ఫా పేరుతో క్యాప్సూల్ వార్డ్‌రోబ్, అంటే ఒకదానితో ఒకటి కలిసే కొద్దిపాటి బట్టలతోనే గడపడం అన్న ఆలోచన ప్రచారంలోకి వచ్చింది. 1985లో డిజైనర్ డోనా కరన్ ఏడు బట్టలతో ఒకదానికొకటి కలిసే సెట్ తెచ్చారు. 2010లో అమెరికన్ రచయిత్రి కోర్ట్నీ కార్వర్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ 333 లో మూడు నెలలపాటు 33 వస్తువులతోనే గడపాలి; చెప్పులు, నగలు కూడా అందులోనే లెక్క, లోదుస్తులు, పడుకునేటప్పటి బట్టలు, వ్యాయామం బట్టలు మాత్రం బయట. మంచి ప్రయోగం. కానీ లెక్క రాయకుండా దూకకండి. నా దగ్గరి ఒకావిడ జనవరి 1నే 33 ఎంచుకుని మిగతావన్నీ ఇచ్చేశారు. ఎంచుకున్నవి తనకి నచ్చినవి, రోజూ వేసుకునేవి కావు. ఐదో వారానికి మామూలు టీషర్టులు, ప్యాంట్లు కలిపి తొమ్మిది మళ్లీ కొన్నారు, అంతకుముందు ఇచ్చేసినవాటిలాంటివే. పెట్టెలో పెట్టి మూడు నెలలు ఆగి ఉంటే ఆ నష్టం లేదు.

కొనేటప్పుడు నేను అడగమనే ప్రశ్న ఒక్కటే: ఇది నా కాగితంలో ఉన్న ఏ మూడు బట్టలతో కలుస్తుంది? బీరువాలో ఉన్నవాటితో అని అడగలేదు, కాగితంలో ఉన్నవాటితో, అంటే నిజంగా వేసుకుంటున్నవాటితో. మూడు పేర్లు చెప్పలేకపోతే వదిలేయండి. లేకపోతే ఏమవుతుందో ఫ్రెంచ్ రచయిత దిదెరో 1769లోనే రాశాడు. ఆయనకి కొత్త ఎర్రటి డ్రెస్సింగ్ గౌను వచ్చింది. దాని పక్కన గదిలోని పాత సామాను వెలవెలబోయింది. గడ్డి కుర్చీ పోయి తోలు కుర్చీ వచ్చింది, అలా ఒక్కొక్కటే మారుతూ పోయాయి. మానవ శాస్త్రవేత్త గ్రాంట్ మెక్‌క్రాకెన్ 1988లో ఈ గొలుసుకి దిదెరో పేరే పెట్టాడు. బీరువాలో ఇది రోజూ జరిగేదే: కొత్త స్కర్టు, దానికి సరిపోయే టాప్ లేదని టాప్, ఆ రెంటికీ కలవలేదని చెప్పులు.

ధరని వేసుకున్న సార్లతో భాగించి చూసే లెక్క కూడా పనికొస్తుంది. ఒక బట్ట ఇంకోదానికి మూడు రెట్లు ఖరీదు అనుకోండి. చవకది నాలుగుసార్లు వేసుకుని మూల పడేశారు, ఖరీదైంది 60 సార్లు వేసుకున్నారు. ఒక్కోసారికి చవకదే ఐదు రెట్లు ఎక్కువ పడింది. కానీ ఈ లెక్కని ఇప్పటికే వేసుకున్న బట్టలకి వేయండి. దుకాణంలో నిలబడి "వందసార్లు వేసుకుంటాను కదా" అనుకుంటే ఎంతటి ఖరీదుకైనా సర్దిచెప్పుకోవచ్చు, అలా సర్దిచెప్పుకున్న బట్టలు నేను లేబుళ్లతో సహా చాలా చూశాను.

అందరూ వదిలేసే ఇంకో లక్ష్యం ఉంది, నాకైతే అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది: బాగుచేసే వేళ. ఇతరుల బట్టలు కుట్టే పనిలో నా సొంత చొక్కాల గుండీలు నెలల తరబడి అలాగే ఉండిపోయేవి. ఆరేళ్ల కిందట "ఆదివారం మడతలు పెట్టడం అయ్యాక పదిహేను నిమిషాలు సూదీదారం" అని ఒక్కటే రాసుకున్నాను. గుండీలు, ఊడిన అంచులు, స్వెటర్ల మీద కట్టిన ఉండలు తీయడం, అంతే. ఆ ఏడాది నేను కొత్త చొక్కా కొనలేదు, కొనాలని అనిపించనే లేదు. దీనితోపాటు కొన్ని చిన్న జాగ్రత్తలు: ఉన్ని, అల్లిక బట్టలు హ్యాంగర్‌కి తగిలిస్తే బరువుకి సాగిపోతాయి, మడతపెట్టండి. ముదురు రంగులు తిరగేసి ఉతకండి. సాగే దారం కలిసిన ప్యాంట్లని డ్రయ్యర్ వేడికి దూరంగా ఉంచండి, మోకాళ్ల దగ్గర వదులైపోవడానికి ఆ వేడి ఒక పెద్ద కారణం. తోలు బూట్లకి వేసుకున్న మర్నాడు విశ్రాంతి ఇవ్వండి, లోపలి తేమ ఆరాలి.

మూడు మాటల్లో మీ స్టైల్ చెప్పుకునే పద్ధతి గురించి కూడా మీరు రాశారు. స్టైలిస్ట్ ఆలిసన్ బోర్న్‌స్టీన్ దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. అందులో మొదటి మాట మీరు ఇప్పటికే ఎక్కువగా వేసుకునేవాటి నుంచి రావాలి, అది చాలామంది గమనించకుండా మూడూ కోరికలే రాసుకుంటారు. నాలుగు వారాల కాగితం ఉంటే ఆ మొదటి మాట దానంతటదే దొరుకుతుంది. కాబట్టి అది ఫిబ్రవరి పని.

ఒక జాగ్రత్త. ఇంట్లో పసిబిడ్డ ఉన్నా, అనారోగ్యం నుంచి కోలుకుంటున్నా, ఆప్తుల్ని పోగొట్టుకున్న ఏడాదైనా ఇవేవీ పెట్టుకోకండి. శుభ్రంగా, సుఖంగా ఉన్నవి చాలు. పోయినవాళ్ల బట్టలు బీరువాలో ఉంటే వాటిని ఈ లెక్కలోకి అస్సలు తేకండి. ఇక తేదీ గురించి: జనవరి 1 దాటిపోయిందని బాధపడకండి, వచ్చే సోమవారం కూడా అంతే పనిచేస్తుంది. ఒకవేళ మధ్యలో నాలుగు రోజులు రాయడం మర్చిపోతే ఖాళీ వదిలేసి ఐదో రోజు నుంచి రాయండి, గుర్తుతెచ్చుకుని నింపకండి. గుర్తున్నవి ఎప్పుడూ మనకి నచ్చిన బట్టలే అవుతాయి.

నాలుగు వారాలయ్యాక ఎక్కువసార్లు వేసుకున్న ఐదు బట్టలు, వేసుకుని విప్పేసినవి కారణాలతో సహా ఇక్కడే రాయండి. లక్ష్యాలు ఇద్దరం కలిసి రాద్దాం. ఈ రాత్రికి తలుపు లోపల కాగితం అంటించి, పెన్సిల్‌ని దారంతో హ్యాండిల్‌కి కట్టేయండి. కట్టకపోతే మూడో రోజుకి పెన్సిల్ కనబడదు, లెక్క అక్కడే ఆగిపోతుంది.